బరువు లేని చోట క్యాన్సర్ కణాలు

మొన్న అమ్మను థైరాయిడ్ క్యాన్సర్ పరీక్షల కోసం మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ తీసుకువెళ్తుండగా, జడ్చర్ల దాటాక బస్సు ఒక దిగుడులో జారి, ఒక్క క్షణం కడుపు తేలిపోయినట్లయింది. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో భూమ్యాకర్షణ దాదాపు 90 శాతం ఉన్నప్పటికీ, ఆ కేంద్రం నిరంతరం పడిపోతూనే ఉండటం వల్ల లోపలి వారికి ఆ క్షణమే ఎడతెగకుండా సాగుతుంది.

ప్రయోగశాల పాత్ర అడుగున పలుచని పొరలా పరచుకునే థైరాయిడ్ క్యాన్సర్ కణాలు, 2011లో చైనా వారి షెంజౌ-8 అంతరిక్ష నౌకలో ప్రయాణించినప్పుడు పెద్ద ముద్దలుగా గుమిగూడాయి. బరువు లేనప్పుడు కణానికి ఆకారమిచ్చే లోపలి పోగుల అల్లిక మారుతుంది, ఎన్నో జన్యువుల పనితీరూ మారుతుంది. మనిషి ఒంట్లోని గడ్డ కూడా పొర కాదు, ముద్దే. అందుకే మందులను పరీక్షించడానికి ఈ ముద్దలు పలుచని పొరకంటే నమ్మదగిన నమూనాలు. నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది ఇదే.

“అయితే బరువు లేకుంటే గడ్డ కరుగుతదా బిడ్డా?” అని అమ్మ అడిగింది. కొన్ని కణాలు చనిపోవడం కనిపించిన మాట నిజమే కానీ, అది పాత్రలోని కణాల సంగతే తప్ప రోగికి చేసే చికిత్స కాదని చెప్పాను. షాద్‌నగర్ వచ్చేసరికి ఆమె రిపోర్టుల సంచిని ఒడిలో పెట్టుకుని నిద్రపోయింది.