లాక్, బర్క్లీ, హ్యూమ్: మూడు నోట్స్ వద్దు, ఒకటి చాలు

ఫిలాసఫీ పేపర్‌కి చదివేవాళ్లలో చాలామంది ఈ ముగ్గురు తత్వవేత్తలకీ మూడు నోట్స్ రాసుకుంటారు. నేను ఒక్కటే రాసుకున్నాను. మొదటి పేజీలో పైన ఒకే ప్రశ్న: మనకు నేరుగా తెలిసేది మన మనసులోని భావాలే (ఐడియాలు, అంటే చూసినప్పుడు, తాకినప్పుడు మనసులో ఏర్పడేవి) అయితే, వాటి వెనక పదార్థం ఉందని ఏ ఆధారంతో అంటున్నాం?

లాక్ దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. ఆకారం, పరిమాణం, చలనం లాంటి ప్రాథమిక గుణాలు వస్తువులోనే ఉంటాయి, మన భావాలు వాటిని పోలి ఉంటాయి. రంగు, రుచి, వాసన ద్వితీయ గుణాలు. ఆ అనుభవాల్ని మనలో కలిగించే శక్తి వస్తువులో ఉంటుంది కానీ వాటిని పోలినదేదీ అందులో ఉండదు. మరి ఈ గుణాలన్నిటినీ మోసే ద్రవ్యం ఏమిటంటే, ఏదో ఉంది, అదేమిటో తెలియదంటాడు. బర్క్లీ పట్టుకున్నది సరిగ్గా ఈ మాటనే.

నా టైమంతా బర్క్లీకే పోయింది, పోవాల్సిందే. ఒక చెయ్యి వేడిగా, ఇంకోటి చల్లగా ఉన్నప్పుడు రెండూ ఒకే నీళ్లలో ముంచితే ఒకదానికి చల్లగా, ఇంకోదానికి వెచ్చగా తగులుతుంది కదా. వేడి అనేది నీళ్లలోనే ఉండే గుణం కాదని చూపడానికి లాక్ వాడిన ఉదాహరణ ఇది. బర్క్లీ ఇదే పద్ధతిని పరిమాణం మీద, ఆకారం మీద కూడా ప్రయోగించాడు. అందరూ ఇక్కడితో జవాబు ఆపేస్తారు. కానీ ఈ వాదనతో పదార్థం లేదని రుజువు కాదని, నిజమైన పరిమాణం ఏదో ఇంద్రియాలతో తెలియదని మాత్రమే తేలుతుందని 1710 నాటి గ్రంథంలో ఆయనే ఒప్పుకున్నాడు. బరువంతా ఇంకో వాదన మీద ఉంది: భావం మరో భావాన్ని తప్ప దేన్నీ పోలి ఉండటం సాధ్యం కాదు. కాబట్టి మన భావాలు వస్తువులోని గుణాల్ని పోలి ఉంటాయన్న లాక్ మాట నిలవదు. జవాబులో ఇది లేకపోతే బర్క్లీ లేనట్టే.

ఇంకో మాట. బర్క్లీ ప్రపంచం మాయ అన్నాడని దయచేసి రాయకండి. బల్ల ఉంది, చెట్టు ఉంది. మనం చూడనప్పుడు కూడా దేవుడి గ్రహింపులో ఉన్నాయి. ఆయన కాదన్నది ఎవరి అనుభవానికీ అందని జడపదార్థాన్ని మాత్రమే. 18వ శతాబ్దపు ఇంగ్లిష్ రచయిత శామ్యూల్ జాన్సన్ రాయిని తన్ని బర్క్లీ వాదాన్ని ఖండించానన్నాడు గానీ, కాలికి తగిలిన గట్టిదనం కూడా అనుభవమే కదా!

హ్యూమ్ ప్రశ్ననే మార్చేశాడు. వస్తువులు ఉన్నాయా అని కాదు, ఉన్నాయని ఎందుకు నమ్ముతున్నాం అని అడిగాడు. మన ఇంద్రియానుభవాల్లో కనిపించే స్థిరత్వం, పొందిక చూసి మన ఊహాశక్తే ఆ నమ్మకాన్ని అల్లుతుందన్నాడు. తర్వాత ఆత్మ కూడా అనుభవాల మూటేనన్నాడు.

ఎగ్జామినర్ని ఆకట్టుకునే పాయింట్ ఒకటుంది. పదార్థాన్ని తీసేసిన వాదనతోనే ఆత్మనూ తీసేయొచ్చు కదా అన్న అభ్యంతరాన్ని బర్క్లీ హైలస్, ఫిలోనస్ అనే రెండు పాత్రల మధ్య రాసిన తన సంభాషణల 1734 ముద్రణలో, పదార్థం ఉందని వాదించే హైలస్ నోట పలికించాడు. ఆత్మ అనుభవాల మూటేనన్న హ్యూమ్ పుస్తకం రావడం మొదలైంది ఆ తర్వాత, 1739లో. బర్క్లీ తరఫున మాట్లాడే ఫిలోనస్ ఏం జవాబిచ్చాడో మూలంలోనే చదవండి. అది సరిపోతుందా లేదా అన్న మీ అభిప్రాయాన్ని కారణంతో సహా జవాబులో పెట్టండి. నాకైతే సరిపోలేదు.