మెడికల్ వార్డు నుంచి సీసీయూకి మారాక నా అనుభవం

జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయ్యాక మెడికల్ వార్డులో నా మానాన నేను చేసుకుంటుంటే సీసీయూకి, అంటే గుండె పేషెంట్ల ఐసీయూకి వేశారు. అడిగి వెయ్యలేదు, అక్కడ ఇద్దరు సిస్టర్స్ గల్ఫ్ వెళ్ళిపోయారు, రోస్టర్ లో ఖాళీ వచ్చింది, నా పేరు రాసేశారు, అంతే. ఇప్పుడు కార్డియాక్ కి కొత్తగా వెళ్ళే చెల్లెళ్ళు ఫోన్ చేసి "అక్కా భయంగా ఉంది, ముందు ఏం చదవాలి" అంటారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు రాసేస్తే సరిపోద్దని కూర్చున్నా.

ముందు ఈసీజీ. కానీ లావు పుస్తకం తెచ్చుకుని మొదటి పేజీ నుంచి మొదలెడితే యాక్సిస్ చాప్టర్ దగ్గర నిద్రొస్తది, ఇది గ్యారంటీ. మా ఇన్‌చార్జ్ సిస్టర్ మలయాళీ ఆవిడ, సగం తెలుగు సగం ఇంగ్లీష్ లో తిట్టేది, ఆవిడ పద్ధతి ఏంటంటే హ్యాండోవర్ అవ్వగానే నీ పేషెంట్ ది మానిటర్ నుంచి ఒక స్ట్రిప్ ప్రింట్ తీసి నోట్‌బుక్ లో అంటించి పక్కన రేట్, రిథమ్, పీఆర్ (గుండె పైగదుల నుంచి కింది గదులకి కరెంట్ చేరే టైమ్), క్యూఆర్ఎస్ (కింది గదులు కొట్టేటప్పుడు వచ్చే పెద్ద గీత) రాసి చూపించాలి, అప్పుడే టీకి వెళ్ళాలి. చిన్న గడి 0.04 సెకను, పెద్ద గడి 0.2. రెండు ఆర్ ల (క్యూఆర్ఎస్ లో పైకి లేచే మొన) మధ్య పెద్ద గడులు ఎన్నో చూసి 300 ని దాంతో భాగిస్తే రేట్ వచ్చేస్తది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (పైగదులు అదుపు లేకుండా వణకడం) లాంటి ఇర్రెగ్యులర్ రిథమ్ కి ఇది పని చెయ్యదు, అప్పుడు మామూలు 12 లీడ్ పేపర్ కింద 10 సెకన్ల స్ట్రిప్ ఉంటది కదా, అందులో క్యూఆర్ఎస్ లు లెక్కపెట్టి 6 తో గుణించడమే. ఇలా రోజూ అంటిస్తే నోట్‌బుక్ సగం అయ్యేసరికి కన్ను అలవాటు పడిపోద్ది, పుస్తకం అప్పుడు తెరిస్తే బుర్రకెక్కుద్ది.

చదవడం కంటే ముందు తీయడం సరిగ్గా రావాలి. ఛాతీ మీద పెట్టే వీ1, వీ2 లీడ్స్ నాలుగో ఇంటర్‌కాస్టల్ స్పేస్ (పక్కటెముకల మధ్య సందు) లో, చాలామంది అంచనాగా పైకి పెట్టేస్తారు. కాలర్ బోన్ నుంచి కిందకి వేలు జరుపుకుంటూ వస్తే స్టెర్నమ్ మీద చిన్న గట్టులా తగుల్తది, దాని పక్కదే రెండో రిబ్, అక్కణ్ణుంచి లెక్కపెట్టుకోవాలి. ఆడవాళ్ళకి బ్రెస్ట్ కింద పెట్టాల్సిన లీడ్స్ మొహమాటానికి పైన పెట్టొద్దు, స్క్రీన్ వేసి, చెప్పి, చెయ్యి వెనక్కి తిప్పి పైకి జరిపి పెట్టండి. హార్ట్ ఎటాక్ పేషెంట్ చెమటతో తడిసి ముద్దయి ఉంటాడు, ఎలక్ట్రోడ్లు జారిపోతాయి, గాజ్ గుడ్డతో తుడిచి పెట్టాలి. పెట్టిన చోట పెన్నుతో గుర్తు పెట్టేయండి, గంట తర్వాత తీసే ఈసీజీ అదే చోట తీస్తేనే పోల్చడానికి పనికొస్తది. లీడ్ వన్ మొత్తం తలకిందులుగా వస్తే కంగారు పడి ఎవర్నీ పిలవకముందు ఎరుపు, పసుపు క్లిప్పులు చేతులు మారాయేమో చూడండి.

ఇప్పుడు నాకు బాగా గుర్తుండిపోయిన నైట్ గురించి. యాభై దాటిన ఆయన, పొలం పనులు చేసే మనిషి, సాయంత్రం నుంచి పొట్ట పైన మంట, "గ్యాస్ అమ్మా, సోడా తాగా తగ్గలా" అంటున్నాడు. మన దగ్గర గుండె నొప్పికి మొదటి పేరు గ్యాసే కదా, ఈనో తాగి, వాము నమిలి, అవన్నీ అయ్యాక ఆస్పత్రికొస్తారు. ఈసీజీ లో టూ, త్రీ, ఏవీఎఫ్ లీడ్స్ లో ఎస్టీ (క్యూఆర్ఎస్ తర్వాత వచ్చే గీత) లేచి ఉంది, అంటే గుండె కింది గోడకి (ఇన్ఫీరియర్ వాల్) ఎటాక్. కింద క్యాజువాలిటీలోనే యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ లోడింగ్ ఇచ్చి పంపారు. నొప్పి ఉంది కాబట్టి డ్యూటీ డాక్టర్ ఎన్టీజీ (నైట్రోగ్లిజరిన్, రక్తనాళాల్ని వదులు చేసే మందు) పంప్ పెట్టమన్నారు, ఆయనా కొత్తే. మా సిస్టర్ కాదనలేదు, "సర్, బీపీ 92 ఉంది, రైట్ సైడ్ లీడ్స్ ఒకసారి తీసి చూపిస్తా, తర్వాత స్టార్ట్ చేద్దామా" అంది. వీ4ఆర్ అంటే వీ4 లీడ్ నే కుడివైపు అదే లెవెల్లో పెట్టడం, అర నిమిషం పని. దాంట్లో కూడా ఎస్టీ లేచింది. రైట్ వెంట్రికిల్ (గుండె కుడి కింది గది) దెబ్బతిన్నప్పుడు గుండెకి వచ్చే రక్తం మీదే ప్రెషర్ ఆధారపడి ఉంటది, ఎన్టీజీ ఇస్తే సిరలు వదులైపోయి బీపీ అమాంతం పడిపోద్ది. డాక్టర్ గారు చూసి ఎన్టీజీ ఆపి సెలైన్ ఇవ్వమన్నారు. ఎవరి పరువూ పోలేదు, పేషెంట్ కి కావాల్సింది అయింది. ఆ ఒక్క వాక్యం నేను ఇప్పటికీ వాడతా, "ఇవ్వొద్దు సర్" అనకుండా నంబర్ చెప్పి, ఇది చూసి చేద్దామా అని అడగడం.

ఆయనకే స్ట్రెప్టోకైనేజ్ (రక్తం గడ్డని కరిగించే మందు) ఇచ్చారు, 15 లక్షల యూనిట్లు, గంటలో వెళ్ళేలా పంప్ సెట్ చేశాం. స్టార్ట్ చేసే ముందే రెండు చేతులకీ క్యాన్యులా వేసి పెట్టుకోవాలి, మొదలెట్టాక గుచ్చితే రక్తం ఆగదు, ఐఎం (కండకి వేసే) ఇంజక్షన్ ఊసే ఎత్తొద్దు. పక్షవాతం వచ్చిందా, ఈమధ్య ఆపరేషన్ అయిందా, మోషన్ నల్లగా అవుతుందా అని అడుగుతాం, వాళ్ళు అన్నిటికీ లేదు లేదు అంటారు. అందుకే భార్యనో కొడుకునో విడిగా పిలిచి మళ్ళీ అడగండి, ఇదే మందు ఇంతకుముందు ఎక్కించారా అని కూడా. ఐదు నిమిషాలకోసారి బీపీ చూడాలి. మధ్యలో పడితే పంప్ స్పీడ్ తగ్గించమంటారు లేదా కాసేపు ఆపమంటారు, పేషెంట్ కాళ్ళు పైకెత్తి డాక్టర్ కి ఫోన్ చేయండి. ఆయనకి చివర్లో మానిటర్ మీద వెడల్పాటి బీట్లు వరసగా 80 రేట్ తో వచ్చాయి, నేను వీటీ (కింది గదుల నుంచి వచ్చే ప్రమాదకరమైన వేగం రిథమ్) అనుకుని డిఫిబ్ (షాక్ ఇచ్చే మిషన్) లాక్కొస్తుంటే సిస్టర్ మానిటర్ వైపు కూడా చూడకుండా ఆయన్ని "బాబాయ్, నొప్పి ఎట్టా ఉంది" అని అడిగింది. "తగ్గిందమ్మా" అన్నాడు. మూసుకున్న రక్తనాళం తెరుచుకున్నప్పుడు అలాంటి రిథమ్ వస్తది, బీపీ బాగుంటే చాలావరకు దానంతటదే పోద్ది. ట్రాలీ మాత్రం పక్కనే ఉంచాం, ఈసీజీ తీసి డాక్టర్ కి చూపించాం, 90 నిమిషాలకి తీసిన దాంట్లో ఎస్టీ సగం కంటే కిందకి దిగింది.

క్యాథ్ ల్యాబ్ నుంచి (యాంజియోగ్రామ్ తీసి స్టెంట్ వేసే చోటు) వచ్చేవాళ్ళు ఇప్పుడు ఎక్కువగా చేతి నుంచి చేయించుకునేవాళ్ళే కాబట్టి ఒకప్పుడంత టెన్షన్ లేదు, కానీ తొడ దగ్గర షీత్ (రక్తనాళంలో పెట్టిన గొట్టం) ఉంటే మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. షీత్ తీసేముందు ఏసీటీ (రక్తం గడ్డకట్టే టైమ్ చూసే టెస్ట్) చూసి, అట్రోపిన్ (పల్స్ పెంచే మందు) లోడ్ చేసి పెట్టుకుని, మంచం మీ నడుము ఎత్తుకి లేపుకోండి, లేదంటే పావుగంట ఇరవై నిమిషాలు నొక్కేసరికి మీ నడుము పోద్ది. నొక్కేటప్పుడు పేషెంట్ ఆవులించి, ఒళ్ళు చల్లబడి, పల్స్ తగ్గుతుంటే అది వేసోవేగల్ (నరాల వల్ల పల్స్, బీపీ ఒక్కసారిగా పడిపోవడం), వెంటనే సాయానికి అరవండి. తర్వాత కాలు మడవకుండా చూడాలి, పాదం దగ్గర పల్స్ చూడాలి. "నడుం నొప్పిగా ఉంది సిస్టర్" అంటే పడుకోవడం వల్లలే అని వదిలెయ్యకుండా బీపీ చూడండి, లోపల రక్తం కారుతున్నా అదే మాట అంటారు.

రాత్రి రెండింటికి కన్సల్టెంట్ కి ఫోన్ చేయాలంటే అందరికీ గుండె దడే. ఫోన్ ఎత్తేముందు కేస్ షీట్, లేటెస్ట్ పొటాషియం, యూరిన్ అవుట్‌పుట్, ఏ పంప్ ఎంతలో పోతుందో చేతిలో పెట్టుకోండి. మొదటి ముక్కే "సర్, బెడ్ ఫోర్, ఇవాళ స్టెంట్ వేసినాయన, మళ్ళీ నొప్పి, ఈసీజీ మారింది, మీరు చూడాలి" అనాలి. హిస్టరీ అంతా చెప్పుకుంటూ వస్తే ఆయనకి మళ్ళీ నిద్ర పడుద్ది. విసుక్కుంటే విసుక్కుంటారు, టైమూ ఏం చెప్పారో రాసుకోండి, ఫోన్ లో చెప్పిన ఆర్డర్ తిరిగి చదివి వినిపించండి.

అటెండర్లతో నాకు గొడవలన్నీ తిండి దగ్గరే. హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్ కి దిండు కింద మాగాయ పొట్లం దొరికింది ఒకసారి. కొబ్బరి బోండాలయితే చెప్పక్కర్లేదు, స్పైరోనోలాక్టోన్, రామిప్రిల్ లాంటి గుండె మందుల మీద ఉన్నవాళ్ళకి అసలే పొటాషియం పెరిగే ఛాన్స్, పైన బోండాలు. వద్దు అంటే వినరు, కారణం చెప్తే చాలామంది వింటారు. ఇంకోటి, మంచం మీద బెడ్‌పాన్ అంటే మగవాళ్ళు సిగ్గుతో రెండు మూడు రోజులు బిగపట్టుకుని, తర్వాత గట్టిగా ముక్కి కళ్ళు తిరిగి పడతారు. మోషన్ సాఫీగా అయ్యే సిరప్ మొదటి రోజే అడిగి రాయించండి, డాక్టర్ ఒప్పుకుంటే పక్కన కమోడ్ కుర్చీ వేయించండి.

సర్టిఫికెట్లు, డ్యూటీల సంగతి కూడా చెప్పాలి. నేను మొదట చేసిన చోట ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని పెట్టుకున్నారు, మానేసేటప్పుడు తిరిగి తెచ్చుకోవడానికి నాన్న కూడా రావాల్సొచ్చింది. జిరాక్స్ మాత్రమే ఇస్తాం, ఒరిజినల్స్ చూపించి తీసుకుంటాం అని చేరేరోజే అనండి, ఎక్కువలో ఎక్కువ మొహం మాడ్చుకుంటారు. వెంటిలేటర్ పేషెంట్ ని పెట్టి ఇంకో ఇద్దర్ని కూడా చూడమంటే నోటితో గొణగకుండా రిపోర్ట్ బుక్ లో టైమ్ తో రాసి సంతకం పెట్టండి.

బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు ఏం చెయ్యాలో నేర్పే కోర్సులు) రెండూ చేయండి, బయటి దేశాలకి వెళ్ళాలనుకునేవాళ్ళయితే తప్పకుండా. రెండూ రెండేళ్ళకి ఎక్స్‌పైర్ అయిపోతాయి, కాబట్టి సెలవులో ఉన్నప్పుడు ఊరికే చేసి పారేయకుండా అప్లికేషన్ పెట్టే టైమ్ కి దగ్గరగా చేసుకోండి, ఫీజు హాస్పిటల్ కడుతుందేమో హెచ్ఆర్ లో ముందే అడగండి, కొన్ని చోట్ల కడతారు, కట్టి దానికీ బాండ్ (ఇన్నాళ్ళు మానెయ్యనని ఒప్పంద కాగితం) రాయించుకుంటారు, ఆ కాగితం చదివి సంతకం పెట్టండి.