ఎల్క్ వేటకి తులం బరువు తూటా

ఏప్రిల్

డెన్వర్‌కి వచ్చి ఎనిమిదేళ్ళయినా తుపాకీ కొన్నది గ్రీన్ కార్డ్ చేతికొచ్చాకే. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు అయిపోయింది. 1949 నుంచి పుట్టినవాళ్ళందరికీ కొలరాడోలో అది తప్పనిసరి. ఆడ ఎల్క్ ట్యాగ్ (ఒక జంతువుని వేటాడే పర్మిట్) కోసం లాటరీ లాంటి డ్రాకి అప్లికేషన్ పెట్టాను. ఎల్క్ అంటే మన కణుజు జాతిదే, ఆడది కూడా 225 కిలోల దాకా తూగుతుంది. ఫోన్లో చెబితే అమ్మ ముందు "పాపం రా" అంది. కాసేపాగి "కూర ఎన్నాళ్ళొస్తుంది?" అని అడిగింది.

రాష్ట్రం రూలు ప్రకారం తూటా వ్యాసం కనీసం .24 అంగుళం, బరువు 85 గ్రెయిన్లు (దాదాపు ఐదున్నర గ్రాములు) ఉండాలి, తగిలాక విచ్చుకునే రకం కావాలి. వంద గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి మిగలాలి. ఇది పాస్ మార్కు మాత్రమే. నేను ఇంకాస్త పెద్దదే చూశాను.

మే

ముందు మనసు పోయింది .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అనే గట్టి రకం రైఫిల్ మీదికి. పక్కింటి పెద్దాయన దగ్గర ఉంది, కాల్పులు ప్రాక్టీస్ చేసే రేంజ్‌కి తెచ్చారు. మూడు తూటాలకే భుజం కందిపోయింది. నాలుగోసారి ఆయనే లోడ్ చేసి ఇచ్చారు. ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' అంది, అంతే. లోపల ఉన్నది డమ్మీ తూటా! పేలనే లేదు, అయినా గొట్టం మొన కోడి గింజ పొడిచినట్టు కిందికి పొడిచింది. పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే తన్ను భయానికి నా చెయ్యే ముందుగా దాన్ని తోసేస్తోంది. కొత్తగా రైఫిల్ కొనాలనుకునేవాళ్ళు ఈ పరీక్ష చేసుకోండి, సిగ్గుపోయినా డబ్బు మిగులుతుంది.

అందుకే తన్ను తక్కువుండే .30-06 రైఫిల్ తీసుకున్నాను. దాని కార్ట్‌రిడ్జ్ (తూటా, మందు కలిపి ఉండే గుండు) 1906 నాటిది, ఏ చిన్న ఊరి షాపులోనైనా దొరుకుతుంది. 6.5 క్రీడ్‌మూర్ అనే ఇంకో రకం ఇంకా మెత్తగా తంతుంది, దానితో ఏటా ఎల్క్ కొట్టేవాళ్ళున్నారు. నాకు మాత్రం మొదటి వేటలో కాస్త బరువైన తూటా ఉంటేనే ధైర్యం.

జూన్, జులై

ట్యాగ్ వచ్చింది! ఇక బరువు సంగతి. ఎల్క్‌కి పాతవాళ్ళు చెప్పేది 180 గ్రెయిన్లు. లెక్కేస్తే 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాత తులం. 1833లో బ్రిటిష్‌వాళ్ళు తులాన్ని ఖాయం చేసింది 180 గ్రెయిన్లకే. తులం బరువు సెకనుకి 2,700 అడుగుల వేగంతో బయల్దేరుతుందన్నమాట.

రెండు రకాలు కొన్నాను: 180 గ్రెయిన్ల సీసం తూటా, 165 గ్రెయిన్ల రాగి తూటా. రాగి ఎందుకంటే సీసం తునకలు మాంసంలో చెదురుతాయి, ఇంట్లో పిల్లలు తింటారు. రాగి తూటా బరువు పెద్దగా కోల్పోదు కాబట్టి కాస్త తేలికైనదైనా లోతుగా దిగుతుంది. కాకపోతే విచ్చుకోవడానికి దానికి వేగం కావాలి, మరీ దూరం పనికిరాదు.

వంద గజాల దగ్గర 180 గ్రెయిన్లవి మూడు తూటాలు రెండున్నర అంగుళాల వెడల్పులో పడ్డాయి. రాగి మొదటిరోజు నాలుగంగుళాలు! టెన్షన్ పడ్డాను. సీసం తూటాలు కాల్చిన గొట్టాన్ని శుభ్రం చెయ్యకుండానే రాగి కాల్చానని పెద్దాయన పట్టుకున్నారు. సాల్వెంట్‌తో బాగా కడిగి, మళ్ళీ కాలిస్తే అంగుళంపావు. 165 గ్రెయిన్లదానికి తన్ను కూడా కాస్త తక్కువ. అదే ఖాయం.

సెప్టెంబర్

బల్ల మీద ఆనించి కాల్చడం మానేశాను, కొండ మీద బల్ల ఎక్కడుంటుంది? కూర్చుని, ఊతకర్రల మీద పెట్టి, తొమ్మిదంగుళాల పేపర్ ప్లేటుకి కాలుస్తున్నాను. ఎల్క్ ఊపిరితిత్తులు, గుండె ఉండే చోటు దానికన్నా కొంచెం పెద్దదే. రైఫిల్ 200 గజాలకి జీరో చేశాను, అంటే ఆ దూరంలో గురి పెట్టినచోటే తూటా తగిలేలా సర్దాను. 300 గజాలకి వెళ్ళేసరికి తూటా దాదాపు ఎనిమిదంగుళాలు కిందికి దిగుతుంది. 200 గజాల దగ్గర పదికి పదీ ప్లేటులోనే. 250కి తొమ్మిది. 300కి ఆరే. కార్ట్‌రిడ్జ్‌కి 300 గజాల సత్తా ఉంది, నాకు లేదు. కాబట్టి నా హద్దు 250 గజాలు, అంతకన్నా దూరంలో ఎల్క్ నిలబడితే దగ్గరికి పాకాల్సిందే.

ఒకే లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన) తూటా పెట్టెలు కొనిపెట్టుకున్నాను, లాట్ మారితే గురి కాస్త జరగొచ్చు. 31 మిగిలాయి. వాటిలో పది వేటకి పక్కన పెట్టాను, మిగతావి ఈ నెల ప్లేట్లకి.