డ్యాడ్ జాయినర్ బావి, హెచ్.ఎల్. హంట్ కాగితాలు

అమెరికాలో పొలం ఎవరిదైతే మామూలుగా దాని కింద ఉన్న చమురూ వాళ్లదే. మన కోనసీమలో రైతు కొబ్బరితోటలో ఓఎన్‌జీసీ రిగ్గు దిగితే రైతు చేతికొచ్చేది ఆ జాగాకి అద్దె, పోయిన చెట్లకి పరిహారం. చమురు మీద రాయల్టీ ప్రభుత్వ ఖజానాకి పోతుంది. టెక్సస్ ఆయిల్ కుబేరుల గురించి చదివేవాళ్లు ముందు ఈ తేడా పట్టుకోవాలి. అక్కడ మొదటి పెట్టుబడి రైతు దగ్గర లీజు రాయించుకోవడానికే పోతుంది. రిగ్గు సంగతి ఆ తర్వాత.

ఆ లీజు లెక్క పెద్ద కష్టమేమీ కాదు. సంతకం చేసిన రోజు ఎకరానికి ఇంతని కొంత డబ్బు, దాన్ని బోనస్ అంటారు. బావి తవ్వడం ఆలస్యమైతే ఏడాదికోసారి ఎకరానికి కొంత అద్దె. గడువులోపు చమురు పడకపోతే లీజు రద్దు. పడితే, ఆ రోజుల్లో మామూలుగా వచ్చిన ప్రతి ఎనిమిది బ్యారెళ్లలో ఒకటి రైతుది, ఖర్చుతో సంబంధం లేకుండా. మిగిలిన ఏడూ లీజుదారువి. తవ్వకం కూలి, పైపులు, సిమెంటు, పంపులు, కోర్టు ఖర్చులు అన్నీ ఆ ఏడు బ్యారెళ్ల లోంచే రావాలి. ఈ ఏడు వంతుల్నే ముక్కలు చేసి అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టొచ్చు, చమురు పడకముందే. టెక్సస్‌లో లేచిన ఆస్తులన్నీ, పోయిన ఆస్తులన్నీ ఈ ముక్కల దగ్గరే ఉన్నాయి.

దీనికి తూర్పు టెక్సస్ క్షేత్రాన్ని మించిన ఉదాహరణ నాకు కనపడదు.

కొలంబస్ మారియన్ జాయినర్ 1860లో అలబామాలో పుట్టాడు. అందరూ డ్యాడ్ జాయినర్ అనేవాళ్లు. 1920ల చివర్లో తూర్పు టెక్సస్‌లోని రస్క్ కౌంటీకి వచ్చి, డైసీ బ్రాడ్‌ఫర్డ్ అనే వితంతువుకి చెందిన 975 ఎకరాలతో పాటు చుట్టుపక్కల వేల ఎకరాలు లీజుకి రాయించుకున్నాడు. పెద్ద కంపెనీల జియాలజిస్టులు అప్పటికే ఆ ప్రాంతాన్ని పనికిరానిదని పక్కన పెట్టేశారు. అందుకే లీజులు చవగ్గా దొరికాయి.

జియాలజిస్టులు ఎందుకు తప్పారో చెప్పాలి. ఆ రోజుల్లో వాళ్లు వెతికేది భూమి లోపల బోర్లించిన గిన్నెలా పైకి ఉబ్బిన పొరల కోసం. నీటికన్నా తేలికైన చమురు ఆ గిన్నె కింద చిక్కుకుంటుంది. రస్క్ కౌంటీలో అలాంటి ఉబ్బు లేదు. అక్కడ ఉన్నది వేరే రకం. వుడ్‌బైన్ అనే ఇసుకరాతి పొర పడమటి నుంచి తూర్పుకి పైకి వాలుతూ, పలచబడుతూ వచ్చి, సబీన్ ఎత్తు అనే, తూర్పున పొరలు పైకి లేచిన ప్రాంతం దగ్గర అసలు లేకుండా పోతుంది. దాని పైన చమురు దాటలేని సుద్దరాయి పొర మూతలా ఉంది. పడమటి నుంచి ఉప్పునీరు తోసుకొస్తుంటే చమురు ఎగువకి జరిగి, ఇసుక అయిపోయిన అంచు దగ్గర ఇరుక్కుంది. ఉత్తర దక్షిణాలుగా సుమారు 45 మైళ్ల పొడవున, దాదాపు 1,40,000 ఎకరాల మేర చమురు అలా నిలిచి ఉంది.

జాయినర్ దగ్గర జియాలజిస్టుగా చేరిన డాక్ లాయిడ్ సొంతంగా నేర్చుకున్నవాడు. అసలు పేరు కూడా అది కాదు. అతను రాసిన నివేదికలో లేని ఉబ్బుల్ని ఉన్నట్టు చూపించాడు. అయినా వుడ్‌బైన్ ఇసుక 3,550 అడుగుల దగ్గర తగులుతుందన్న అంచనా మాత్రం ఆశ్చర్యంగా దగ్గరికొచ్చింది.

మొదటి బావి 1,098 అడుగుల దగ్గర పోయింది. రెండోది 2,518 అడుగుల దగ్గర. రెంటినీ పైపు చిక్కులే ముంచాయి. బోరు వేయించిన ఎవరికైనా ఈ బాధ తెలుసు. తిరుగుతున్న పైపు ఆగితే గోడల నుంచి జారిన మట్టి చుట్టూ బిగుసుకుపోతుంది. ఆగకుండా తిప్పాలంటే ఆవిరి తగ్గకూడదు, బురద పంపు నిలవకూడదు, రాయిని కోసే మొన, అంటే బిట్టు, మొద్దుబారకముందే మార్చాలి. జాయినర్ రిగ్గు పాత సామాన్లతో కూర్చింది. బాయిలర్లు ఒకదానికొకటి జత కుదరనివి. పొయ్యిలోకి పచ్చి కట్టెలు. ఆవిరి పడిపోయిన ప్రతిసారీ పైపు ఆగే ప్రమాదమే. కూలీలకి జీతం దొరికిన వారం పని, దొరకని వారం సెలవు. తర్వాతి రోజుల్లో మంచి రిగ్గులు అదే లోతుకి కొన్ని వారాల్లో దిగాయి. మూడో బావికి 1929 మే నుంచి 1930 సెప్టెంబరు దాకా పట్టింది.

ఆ మూడో బావి చోటు కూడా ఎవరూ ఎంచింది కాదు. రిగ్గుని లాక్కుపోతుంటే అడుగు దూలం విరిగింది. విరిగిన చోటే తవ్వడం మొదలుపెట్టారు.

1930 సెప్టెంబరు 5న డ్రిల్లర్ ఎడ్ లాస్టర్ తీసిన రాతి ముక్కలో చమురు తడి కనపడింది. వెంటనే పైపుతోనే పరీక్ష చేశాడు. ఖాళీ పైపు చివర ప్యాకర్ అనే బిరడా లాంటిది, దాని కింద మూసిన వాల్వు పెట్టి దింపుతారు. ప్యాకర్ బావి గోడకి బిగుసుకుని పైనున్న బురద బరువుని ఆపుతుంది. అప్పుడు వాల్వు తెరిస్తే ఇసుకలో ఒత్తిడి ఎంత ఉంటే అంత ఎత్తుకి చమురు ఖాళీ పైపులోకి ఎక్కుతుంది. ఇక్కడ పైదాకా ఎక్కి బయటికి చిమ్మింది. ఆ తర్వాత నెల రోజులు కేసింగ్ పైపు దింపి, చుట్టూ సిమెంటు పోసి, అది గట్టిపడ్డాక అడుగున బిరడా తవ్వి, లోపలున్న నీటిని తోడుతూ పోయారు. అక్టోబరు 3న వేల మంది చూస్తుండగా బావి పారింది. అడుగు లోతు 3,592 అడుగులు. పారుదల కుదురుకున్నాక రోజుకి 300 బ్యారెళ్లు, అదీ ఆగి ఆగి.

అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. డబ్బు కోసం జాయినర్ ఏళ్ల తరబడి బావిలో వాటా ఇచ్చే 25 డాలర్ల సర్టిఫికెట్లు అమ్ముతూ వచ్చాడు. ఒక సిండికేట్ (వాటాదారుల బృందం) డబ్బు అయిపోతే ఇంకోటి పెట్టాడు. అమ్మిన వాటాలన్నీ కూడితే నూటికి నూరు దాటి ఎక్కడికో పోయాయి. కొన్ని వాటాల్ని పదకొండు సార్లు దాకా అమ్మాడు. బావి ఎండిపోతే ఇవేవీ బయటికి రావు, సున్నాలో ఎవరి వాటా ఎంతైనా గొడవ లేదు. చమురు పడితేనే ప్రమాదం. హైదరాబాద్ శివార్లలో ఒకే ప్లాటు ఆరుగురికి రిజిస్ట్రేషన్ అయితే ఏమవుతుందో మనకి తెలుసు కదా, రస్క్ కౌంటీలో సరిగ్గా అదే అయింది. సర్టిఫికెట్లు ఉన్నవాళ్లు కోర్టుకెళ్లారు. టైటిల్ ఇంత లిటిగేషన్‌లో ఉన్న భూమిని ముట్టుకోవడానికి పెద్ద కంపెనీల లాయర్లు ఒప్పుకోలేదు. పైగా 300 బ్యారెళ్ల బావికోసం అంత తలనొప్పి ఎందుకనుకున్నారు.

హెరాల్డ్‌సన్ లఫయెట్ హంట్ 1889లో ఇల్లినాయ్‌లో ఎనిమిది మంది పిల్లల్లో ఆఖరివాడిగా పుట్టాడు. ఆర్కాన్సాలో పత్తి పండించాడు, పేకాట బాగా ఆడేవాడు, 1921 తర్వాత అక్కడి ఎల్ డొరాడో ఊళ్లో చమురు లీజుల్లోకి దిగాడు. రస్క్ కౌంటీలో అతను రెండు సంగతులు కనిపెట్టి ఉంచాడు. ఒకటి, బ్రాడ్‌ఫర్డ్ బావికి తూర్పున ఇసుక లేదు. అంటే ఈ బావి క్షేత్రం మధ్యలో లేదు, తూర్పు అంచున ఉంది. ఆగి ఆగి పారడం ఆ పలచటి ఇసుక వల్లే. చమురంతా పడమటి పక్క ఉండాలి. జాయినర్ లీజులు ఎక్కువ అటే. రెండు, దాదాపు మైలు దూరంలో పడమటి పక్క డీప్ రాక్ అనే కంపెనీ ఇంకో బావి తవ్వుతోంది. హంట్ తన మనుషుల్ని ఆ రిగ్గు మీద కన్నేసి ఉంచమన్నాడు. డల్లాస్‌లో బేకర్ హోటల్ గదిలో జాయినర్‌తో బేరం నడుస్తుండగానే ఆ బావిలో చమురు నిండిన వుడ్‌బైన్ ఇసుక దొరికిందన్న కబురు హంట్‌కి అందింది.

1930 నవంబరు 26న జాయినర్ తన లీజులు హంట్‌కి రాసిస్తూ సంతకాలయ్యాయి. మొత్తం 13,35,000 డాలర్లు. దాన్ని విడగొట్టి చూడాలి. నగదు 30,000. వాయిదా నోట్లు 45,000. మిగిలిన 12,60,000 చమురు పైకి వచ్చాక, వచ్చిన చమురులోంచి. నగదు ముప్పై వేలు కూడా హంట్‌ది కాదు, ఎల్ డొరాడోలో బట్టల కొట్టున్న పి.జి. లేక్ అనే స్నేహితుడు పెట్టాడు.

చమురులోంచి చెల్లించే ఆ పద్ధతి ఎంత పదునైనదో లెక్కేస్తే తెలుస్తుంది. రోజుకి 300 బ్యారెళ్లలో రైతు ఎనిమిదో వంతు 37.5 పోతే 262.5 మిగులుతుంది. బ్యారెల్ డాలరు చొప్పున ఏడాదికి 96 వేల డాలర్ల లోపు. పైసా ఖర్చు లేకుండా మొత్తం జాయినర్‌కే ఇచ్చినా ఆ ఒక్క బావితో 12,60,000 తీరడానికి పదమూడేళ్లు పడుతుంది. పడమట చమురు లేకపోతే హంట్ పోగొట్టుకునేది నగదూ నోట్లూ మాత్రమే. ఉంటే, జాయినర్ బాకీ జాయినర్ భూమే తీరుస్తుంది. నష్టం హద్దులోనూ లాభం హద్దు లేకుండానూ ఉన్న బేరం ఇది. దీనికి బదులుగా హంట్ మోసింది సర్టిఫికెట్ల దావాలన్నీ. ఏళ్ల తరబడి వందల కేసులు నడిపాడు, రాజీకొచ్చిన వాళ్లకి డబ్బిచ్చి కాగితాలు వెనక్కి తీసుకున్నాడు. టైటిల్ శుభ్రం చేయడానికి అయ్యే ఖర్చుని అతను తవ్వకం ఖర్చుగానే చూశాడని నా ఉద్దేశం. పెద్ద కంపెనీలు చూడలేకపోయింది సరిగ్గా అదే.

డీప్ రాక్ కబురు సంతకానికి ముందే హంట్‌కి తెలిసీ దాచాడని జాయినర్ తర్వాత దావా వేసి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. 1947లో డల్లాస్‌లో చనిపోయేనాటికి పెద్దగా ఏమీ మిగల్లేదు. దేశం మొత్తం మీద అప్పటిదాకా దొరికిన అతి పెద్ద క్షేత్రం కనిపెట్టినవాడి పరిస్థితి అది. ఆ సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

సంతకం అయిన వారం లోపే, డిసెంబరు 1 నాటికి, హంట్ పనోలా అనే సొంత పైపులైను కంపెనీతో చమురు తరలించే ఏర్పాటు చేసుకున్నాడు. రైలు దాకా చేర్చలేని చమురుకి ధర లేదు మరి. డిసెంబరు 28న కిల్‌గోర్ దగ్గర లౌ డెల్లా క్రిమ్ బావి రోజుకి 22,000 బ్యారెళ్లతో లేచింది. అప్పుడు అందరికీ క్షేత్రం ఎంతదో తెలిసింది.

తర్వాత జరిగిన నాశనానికి కారణం చట్టమే. పక్కవాడి భూమి కింది చమురు నీ బావిలోంచి పైకొస్తే అది నీదే అన్నది అక్కడి నియమం. కాబట్టి పక్కవాడు తవ్వితే నువ్వూ తవ్వాల్సిందే, అతను వేగం పెంచితే నువ్వూ పెంచాల్సిందే. కిల్‌గోర్ ఊరి నడిబొడ్డున దాదాపు ఎకరం జాగాలో 24 డెరిక్కులు, అంటే బావుల మీది గోపురాలు, నిలబెట్టారు. 1931 వేసవికి డాలరు ఉండే బ్యారెల్ పది, పదమూడు సెంట్లకి పడింది. భూగర్భంలో ఇంకా పెద్ద నష్టం. ఆ చమురుని పైకి తోస్తున్నది పడమటి ఉప్పునీరు. అది ఇసుకలో మెల్లగా జరుగుతుంది. దానికన్నా వేగంగా చమురు లాగితే ఒత్తిడి పడిపోతుంది, నీరు అక్కడక్కడ వేళ్లలా చొచ్చుకొచ్చి మధ్యలో చమురుని వదిలేస్తుంది. వదిలిన చమురు మళ్లీ రాదు.

బావికింత అని కోటా పెట్టే అధికారం టెక్సస్ రైల్‌రోడ్ కమిషన్‌ది. 1891లో రైళ్ల కోసం పెట్టిన సంస్థ అది. పైపులైన్లు, తర్వాత చమురు దాని కిందికే చేర్చారు. కోటా ఎవరూ పాటించకపోతే 1931 ఆగస్టు 17న గవర్నర్ రాస్ స్టెర్లింగ్ సైన్యాన్ని దింపి క్షేత్రం మూయించాడు. కోటా దాటి తీసిన దాన్ని హాట్ ఆయిల్ అనేవాళ్లు. మూసినట్టు కనపడుతూ తెరుచుకునేలా ఎడమ మర వాల్వులు బిగించారు. తనిఖీకి వచ్చినవాడు కుడివైపు తిప్పి గట్టిగా మూశాననుకుంటాడు, నిజానికి ఇంకాస్త తెరిచి వెళ్తాడు. 1935లో కేంద్ర చట్టం వచ్చి, కోటా దాటిన చమురు రాష్ట్రం సరిహద్దు దాటకుండా ఆపాకే ధర నిలబడింది. ధర నిలబడ్డాకే లీజులు ఎక్కువున్న హంట్ నిజమైన ధనవంతుడయ్యాడు.

ఆ డబ్బు నిలవడానికి పన్ను చట్టం తోడ్పడింది. 1926 నుంచి 1969 దాకా చమురు అమ్మిన మొత్తంలో 27.5 శాతానికి పన్ను ఉండేది కాదు, కాకపోతే ఆ మినహాయింపు నికర ఆదాయంలో సగం దాటకూడదు. పది లక్షల అమ్మకం, నాలుగు లక్షల ఖర్చు అనుకుంటే నికరం ఆరు లక్షలు. అందులోంచి 2,75,000 తీసేసి 3,25,000 మీదే పన్ను. పెట్టుబడి మొత్తం వెనక్కి వచ్చేసినా ఏటా ఈ మినహాయింపు ఉంటూనే ఉండేది. 1935లో హంట్ ప్లాసిడ్ ఆయిల్ కంపెనీ వాటాల్ని పిల్లల ట్రస్టుల పేర పెట్టాడు. 1948లో ఫార్చ్యూన్ పత్రిక అతన్ని దేశంలోకెల్లా ధనవంతుడని రాసింది. 1974లో చనిపోయాడు.

కొడుకులు బంకర్, హెర్బర్ట్ వెండి కొన్న కథ చాలామందికి తెలుసు. 1980 జనవరిలో ఔన్సు 50 డాలర్ల దాకా పోయి, మార్చి 27న 11 డాలర్ల లోపుకి పడింది. వాళ్లు కొన్నదీ అప్పుతోనే, తండ్రి కొన్నదీ అప్పుతోనే. తండ్రి అప్పుని రోజూ పైకొచ్చే చమురు తీర్చింది. ఖజానాలో వెండి కడ్డీ రోజూ ఏమీ ఇవ్వదు, ధర పెరిగితేనే అప్పు తీరుతుంది. ఎక్స్‌ఛేంజ్ అప్పు మీద కొనడాన్ని కట్టడి చేసిన వెంటనే దారి మూసుకుపోయింది. 1988లో అన్నదమ్ములు దివాలా పిటిషన్ వేశారు.

హంట్ ఆయిల్ కంపెనీ మాత్రం హెచ్.ఎల్. హంట్ మరో భార్య కొడుకు రే హంట్ చేతికి వెళ్లింది. 1984లో ఆ కంపెనీ యెమెన్‌లో మారిబ్ దగ్గర చమురు కనిపెట్టింది. అక్కడ ఎదుటి పక్షం రైతు కాదు, ప్రభుత్వం. ఎనిమిదో వంతు లెక్క పనిచేయదు. ముందు కంపెనీ తన ఖర్చుని చమురు రూపంలో రాబట్టుకుంటుంది, మిగిలిన దాన్ని ఒప్పందం ప్రకారం ఇద్దరూ పంచుకుంటారు. మన కాకినాడ తీరానికి అవతల సముద్రంలో ఉన్న కేజీ డీ6 గ్యాస్ బ్లాకుకి 2000లో రాసుకున్నదీ ఈ రకం ఒప్పందమే, ఏ ఖర్చుని రాబట్టుకోవచ్చు, దేన్ని కూడదు అన్న తగాదా ఏళ్ల తరబడి నడిచిందీ దాని మీదే.