చిల్లులకి ప్లాస్టర్ వేసిన మా నాన్న

మొన్న ఆదివారం కూర్మన్నపాలెంలో ఇంటికెళ్తే నాన్న పొద్దున్నే తల పట్టుకుని కూర్చున్నారు. వారం నుంచి లేవగానే తలనొప్పి అంట. బీపీ చూస్తే బానే ఉంది. సరే అని మంచం పక్కనున్న సీపాప్ (నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగకుండా గాలి తోసే మిషన్) మాస్క్ చేతిలోకి తీసుకున్నానో లేదో గుండె గుభేలుమంది. గొట్టం తగిలించే చోట మోచేయిలా వంగిన ముక్క ఉంటది కదా, దాని మీదుండే సన్న చిల్లులన్నింటికీ నీట్‌గా ప్లాస్టర్ అంటించేసి ఉంది!

"గాలంతా లీకైపోతంది రా. మీ అమ్మ మొహం మీదకి కొడతందని రాత్రంతా తిట్లు. అందుకే మూసేశాను" అన్నారు. విశాఖ స్టీల్ ప్లాంట్ మెయింటెనెన్స్‌లో ముప్పై ఏళ్లు చేసిన మనిషి, లీకు కనపడితే చెయ్యి ఊరుకోదు. 2021 ఏప్రిల్‌లో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ట్యాంకర్లు మహారాష్ట్రకి నింపుకుని వెళ్లింది మా ప్లాంట్ నుంచే అని ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్తారు, అలాంటాయనకి గాలి గురించి నేనేం చెప్పేది.

కానీ చెప్పాలి, ఎందుకంటే నా ఉద్యోగమే అది. వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్‌లో ఓ చిన్న యూనిట్‌లో మాస్కులు, ముక్కు కాన్యులాలు (ముక్కుకి ఆక్సిజన్ పెట్టే సన్న గొట్టాలు) డిజైన్ చేస్తాను. చుట్టాలు "ప్లాస్టిక్ గొట్టాలకి డిజైనేటి రా" అంటారు, అలవాటైపోయింది.

విషయం ఏంటంటే సీపాప్‌కి ఉండేది ఒకటే గొట్టం. మిషన్ లోపలికి తోస్తానే ఉంటది, మరి మనం వదిలిన గాలి ఎటు పోవాలి? ఆ చిల్లుల్లోంచే పోవాలి. మామూలు మాస్క్‌లో 4 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దగ్గరే నిమిషానికి ఇంచుమించు 20 లీటర్లు బయటికి పోయేలా లెక్క కట్టి ఆ చిల్లులు పెడతాం. మిషన్లలో ప్రెషర్ 4 కంటే కిందికి దిగనివ్వకపోవడానికి కూడా ఇదో కారణం, అంతకంటే తగ్గితే కార్బన్ డయాక్సైడ్ సరిగ్గా కొట్టుకుపోదు. చిల్లులు మూసేస్తే వదిలిన గాలినే మళ్లీ పీల్చుకోవడం, అందులోని కార్బన్ డయాక్సైడ్ రక్తంలో పెరిగితే మెదడులో రక్తనాళాలు వెడల్పవుతాయి, తల పగిలిపోద్ది. నాన్న తలనొప్పి దానివల్లే అని నేను డాక్టర్‌లా తేల్చేయలేను గానీ ప్లాస్టర్ పీకేసిన మూడో రోజుకి ఫోన్‌లో ఆ ఊసే లేదు.

అసలు పోకూడని లీకు వేరే ఉంది, మొహానికి ఆనే కుషన్ అంచు దగ్గరది. అది కారితే అందరూ చేసే పని స్ట్రాప్ ఇంకా బిగించడం, నాన్న కూడా అంతే, ముక్కు దూలం మీద ఎర్రగా గాడి పడింది. మంచి మాస్క్‌లో సిలికాన్ కుషన్‌కి రెండు పొరలుంటాయి, లోపలిది మందం, బయటిది దాదాపు కాగితమంత పల్చన. మిషన్ ఆన్ అవగానే లోపలి గాలే ఆ పల్చటి పొరని ఉబ్బించి చర్మానికి అతికిస్తది. బిగించేస్తే ఆ పొర నలిగి ముడత పడతది, ఆ ముడతలోంచే గాలి కారి తిన్నగా కళ్లలోకి కొడతది. అందుకే పడుకున్నాక, మిషన్ ఆన్‌లో ఉండగా, కాస్త వదులు చేసి మాస్క్‌ని ముందుకి లాగి వదిలితే దానంతటదే కూర్చుంటది. కూర్చుని బిగించుకుంటే లాభం లేదు, పడుకుంటే బుగ్గలు జారతాయి. ఇంక కొబ్బరి నూనె రాసుకుని పడుకునే మన జనం సంగతి మేం కంప్యూటర్‌లో గీసే ఏ క్యాడ్ మోడల్‌లోనూ ఉండదు!

1981లో కోలిన్ సలివాన్ అనే ఆస్ట్రేలియా డాక్టర్ సీపాప్ గురించి మొదట రాసిన ఆ తొలి రోజుల్లో ఇలాంటి కుషనూ లేదు, ఏమీ లేదు. ఒక్కొక్కళ్ల ముక్కుకీ ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీసి మాస్క్ చేసి, రోజూ రాత్రి జిగురుతో అంటించుకునేవాళ్లంట. పొద్దున్నే పీక్కోవడం తల్చుకుంటే నాన్న గోల ఎంతో నయం.

కాన్యులా కథ దీనికి పూర్తిగా రివర్స్, అది మొత్తం లీకే. భీమిలిలో అమ్మమ్మకి కట్టెల పొయ్యి పొగతో ఊపిరితిత్తులు పాడయ్యాయి, కాన్సన్‌ట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ వేరు చేసే మిషన్) మీద నిమిషానికి 2 లీటర్లు నడుస్తది, అంటే పీల్చే గాలిలో ఆక్సిజన్ 28 శాతం దగ్గర, అదీ ఉజ్జాయింపే. ముక్కులో పెట్టే ఆ రెండు పుల్లలూ బిర్రుగా ఉండకూడదు. ఆసుపత్రుల్లో వాడే హై ఫ్లో రకంలో నిమిషానికి 60 లీటర్ల దాకా వెచ్చగా, తడిగా పంపిస్తారు, దాంట్లో కూడా ముక్కు రంధ్రంలో సగానికి మించి మూసుకోకూడదు.

అమ్మమ్మ దాన్ని తిరగేసి పెట్టుకుంటాది. వంపు కిందకి ఉండాలే అంటే "ఏటో రా, గుచ్చేస్తంది" అంటాది. తీసి చూస్తే పుల్ల చివర వెంట్రుకంత సన్న అంచు, అచ్చు రెండు సగాలూ కలిసే చోట మిగిలిపోయే పదార్థం, మేం ఫ్లాష్ అంటాం. వేలికి అస్సలు తెలీదు. అందుకే నేను శాంపిల్‌ని కింది పెదవి లోపలి వైపు ఆనించి చూసుకుంటాను, అక్కడ గీసుకుంటే ముక్కులోనూ గీసుకున్నట్టే. దీనికి తోడు అమ్మమ్మకి ముక్కుపుడక, గొట్టం సరిగ్గా దాని మీదే ఆనుతది. తియ్యమని నేనడగను, అడిగే ధైర్యం ఇంట్లో ఎవడికీ లేదు. గొట్టం ఆ వైపు కాస్త ఎత్తుగా వంచితే చాలు కదా అని ఇప్పుడు గీస్తున్నా. దీపం మాత్రం మానిపించాం, ముక్కు దగ్గర ఆక్సిజన్ ఉండగా నిప్పు ఆటలొద్దని. అత్తయ్య వెలిగిస్తది, అమ్మమ్మ గుమ్మంలోంచి దండం పెట్టి వత్తి సరిగ్గా ఎగదొయ్యలేదని వంక పెడతాది.

నాన్న దగ్గరికొస్తే, ఆయన వాడే మోడల్‌లోనే చిల్లులు ఇంకా సన్నగా, ఎక్కువ సంఖ్యలో, గాలి ఒకే వైపు ధారగా కాకుండా చుట్టూ చెదిరేలా ఉండే రకం దొరికితే తెచ్చి మార్చాను. బుస్సుమనే చప్పుడు బాగా తగ్గింది. పొద్దున్నే అమ్మని నిద్ర పట్టిందా అని అడిగితే "ఎక్కడిది, ఇప్పుడు సౌండే లేదు, ఆడతందో ఆగిపోయిందో అని రెండుసార్లు లేచి ఆ చిల్లుల దగ్గర చెయ్యి పెట్టి చూశాను" అంది.