ఆగిన డిగ్రీ, శనివారం లెక్కలు

శనివారం, రాత్రి పది దాటింది

ఈరోజు మధ్యాహ్నం దాకా ఇల్లు నాదే. అమ్మాయికి స్కూల్లో డిబేట్ పోటీలు. వాళ్ల నాన్న తనని దింపి అటునుంచి అటే కారు సర్వీసింగ్‌కి వెళ్లారు. డైనింగ్ టేబుల్ మీద నా కాగితాలన్నీ పరిచాను. తెనాలి కాలేజీ మార్కుల మెమోలు, ఇవాల్యుయేషన్ రిపోర్టు, రెండు మూడు యూనివర్సిటీల డిగ్రీ ప్లాన్లు. బీఎస్సీ రెండో ఏడాది అయ్యాక పెళ్లి కుదిరి చదువు ఆగింది. ఆ రెండేళ్లు ఎటూ పోలేదని, ఇక్కడ అమెరికాలో వాటికి క్రెడిట్లు, అంటే డిగ్రీకి లెక్కపెట్టే యూనిట్లు, కట్టించుకోవచ్చని తెలిసినప్పటి నుంచి నాకు ఒకటే ఆరాటం.

రిపోర్టు మళ్లీ చదివాను. బయటి దేశాల చదువుని ఇక్కడి లెక్కలోకి మార్చే సంస్థల సంఘం నాసెస్. అందులో సభ్యత్వం ఉన్న సంస్థతోనే చేయించాను. చాలా కాలేజీలు అలాంటి వాటినే ఒప్పుకుంటాయి. ఈ రిపోర్టుల్లో రెండు రకాలున్నాయి. మన చదువు ఇక్కడ దేనికి సమానమో ఒక్క ముక్కలో చెప్పేది ఒకటి. క్రెడిట్లు కావాలంటే అది సరిపోదు, ప్రతి సబ్జెక్టుకూ విడిగా లెక్క కట్టే కోర్సు-బై-కోర్సు రిపోర్టు తీసుకోవాలి. డబ్బులు కాస్త ఎక్కువే అవుతాయి. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ సరే, నేను చదివిన తెలుగు పేపరుకి కూడా క్రెడిట్లు వేశారు. ఆ లైను చూసినప్పుడల్లా మా తెలుగు మేడమ్ గుర్తొస్తారు. పద్యం అప్పజెప్పకపోతే ఇంటికి వెళ్లనిచ్చేవారు కాదు. ఆవిడకి ఈ సంగతి చెప్పాలి.

ఇక్కడ బ్యాచిలర్స్ డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు కావాలి. బయటి నుంచి తెచ్చుకున్నవి 90 దాకా తీసుకునే యూనివర్సిటీలు బాగానే ఉన్నాయి, మిగతా 30 వాళ్ల దగ్గరే చదవాలి. నా దగ్గర ఉన్నవన్నీ లెక్కలు, సైన్సులు. లేనివి ఇంగ్లీష్ కంపోజిషన్, అమెరికా చరిత్ర, గవర్నమెంట్ లాంటివి. మేముండే టెక్సస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఏ డిగ్రీ చేసినా 42 క్రెడిట్ల కోర్ కరిక్యులమ్, అంటే అందరికీ ఉమ్మడిగా ఉండే సబ్జెక్టులు, తప్పదు. అందులో నాకు లేని భాగాన్ని తక్కువ ఖర్చుతో, నా వీలుని బట్టి పూర్తి చేసుకోవాలి.

డేకేర్‌లో పొద్దున్న ఏడింటికే నా షిఫ్టు. ఇంటికొచ్చి వంటా, గిన్నెలూ, అమ్మాయి పనులూ అయ్యేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అక్కడి నుంచి గంట, మహా అయితే గంటన్నర. జ్వరాల సీజన్లో డేకేర్‌లో మనుషులు తక్కువైతే అదీ ఉండదు. ఆదివారం రాత్రిలోపు అసైన్‌మెంట్ పెట్టకపోతే మార్కులు కోసే సెమిస్టర్ క్లాసు నాకెలా కుదురుతుంది? కుదిరిన వారం నాలుగు పాఠాలు చదువుకుని, కుదరని వారం పుస్తకం మూసినా ఏమీ పోని చదువు కావాలి. ఇలా సొంత వేగంతో చదివేది అసలు చదువే కాదని ఎవరైనా అంటే నాకు నిజంగా కోపం వస్తుంది. తరిమేవాళ్లు లేకుండా రోజూ టేబుల్ దగ్గర కూర్చోవడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది.

డబ్బు దగ్గరికి వస్తే, యూనివర్సిటీలో ఒక్క మూడు క్రెడిట్ల కోర్సుకే ఫీజులన్నీ కలిపి వెయ్యి డాలర్లు దాటుతోంది. సోఫియా అనే ఆన్‌లైన్ కోర్సుల సంస్థలో నెలకు 99 డాలర్ల సబ్‌స్క్రిప్షన్. ఒకేసారి రెండు కోర్సులు తెరుచుకోవచ్చు, ఒకటి అయిపోతే ఇంకోటి. నెలలో ఎన్ని పూర్తి చేసినా అదే డబ్బు. పాఠం పాఠానికీ చిన్న ప్రశ్నలు, యూనిట్ చివర మైల్‌స్టోన్ పరీక్ష ఉంటాయి. ఇంగ్లీష్ కంపోజిషన్‌లో టచ్‌స్టోన్లని వ్యాసాలు రాయాలి, వాటిని మనుషులు దిద్దుతారు. దిద్దడానికి పట్టే రోజులు కూడా మన నెలలోనే పోతాయి కాబట్టి వ్యాసాలున్న కోర్సుని నెల మొదట్లోనే అందుకోవాలి. ఈ సంగతి నోట్‌బుక్కులో పెద్దక్షరాలతో రాసుకున్నాను.

కాలేజ్ బోర్డ్ అనే పరీక్షల సంస్థ వాళ్ల క్లెప్ పరీక్షలు ఇంకో దారి, పాసైతే కాలేజీ క్రెడిట్లు వస్తాయి. 34 సబ్జెక్టులున్నాయి. ఎలా చదివామో ఎవరూ అడగరు, రాసిన పరీక్షే లెక్క. ఎక్కువ వాటికి గంటన్నర సమయం. స్కోరు 20 నుంచి 80 మధ్య ఉంటుంది, మామూలుగా 50 వస్తే క్రెడిట్ ఇస్తారు. తప్పితే అదే పరీక్ష మళ్లీ రాయడానికి మూడు నెలలు ఆగాలి. మోడర్న్ స్టేట్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ వీటికి ఆన్‌లైన్ కోర్సులు ఉచితంగా నడుపుతోంది, కోర్సు పూర్తి చేసినవాళ్లకి పరీక్ష ఫీజు వోచరు కూడా ఇస్తుంది. అంటే చేతి నుంచి పెద్దగా ఏమీ పడకుండానే మూడు క్రెడిట్లు, కొన్ని సబ్జెక్టులకు ఆరు. ఊరూ పేరూ తెలియని మనలాంటి వాళ్లకి ఎవరో ఇంత సాయం చేస్తున్నారంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పద్ధతి మరోలా ఉంది. 25 డాలర్లు కట్టి కోర్సులో చేరతాం. అంతా అయ్యాక వచ్చిన గ్రేడు చూసుకుని, నచ్చితే 400 డాలర్లు కట్టి క్రెడిట్‌గా మార్చుకుంటాం. నచ్చకపోతే వదిలేయొచ్చు, ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పట్టీలో, పడదు. చదువు ఆగి ఏళ్లయిన మనిషికి ఆ ధైర్యం చాలా అవసరం. మిగతా రెండింటికంటే ఖరీదు ఎక్కువే. కానీ ఇది సాక్షాత్తూ యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్ట్, కాబట్టి వేరే కాలేజీలు తీసుకోవడం కాస్త తేలిక.

అసలు చిక్కంతా ఆ తీసుకోవడం దగ్గరే. సోఫియా కోర్సులకు ఏసీఈ, అంటే అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్, సిఫార్సు ఉంటుంది. అది సిఫార్సు మాత్రమే. ఇవ్వాలో వద్దో మనం చేరబోయే కాలేజీ తేల్చుకుంటుంది. నేను అడిగిన ఒక యూనివర్సిటీ ఈ కోర్సులని సంతోషంగా తీసుకుంటామంది. ఊళ్లోనే ఉన్న ఇంకొకటి ఏసీఈ క్రెడిట్ ఒక్కటి కూడా ముట్టుకోమని చెప్పింది. కోర్సు అదే, కష్టం అదే. తీసుకున్నవాళ్లు కూడా ఏ నంబరు కింద తీసుకుంటారో చూడాలి. ఇంగ్లీష్ 1301, అంటే ఇంగ్లీష్ కంపోజిషన్ మొదటి కోర్సు, కింద వస్తే డిగ్రీ ప్లాన్లో అవసరమైన గడి నిండుతుంది. ఉత్త ఎలక్టివ్ అని రాస్తే క్రెడిట్లు పెరుగుతాయి, గడి మాత్రం ఖాళీగానే ఉంటుంది, మళ్లీ 1301 కట్టి చదవాలి. తక్కువ ఖర్చని ముందు కోర్సు కొనుక్కుని తర్వాత కాలేజీ వెతుక్కోవడం నా మటుకు నాకు భయం. కాలేజీ ముందు, వాళ్ల జవాబు మెయిల్లో వచ్చాక కోర్సు.

టెక్సస్‌లో గవర్నమెంట్ సబ్జెక్టుకి ఇంకో మెలిక ఉంది. ఇక్కడి ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ కావాలంటే అమెరికా చరిత్ర ఆరు క్రెడిట్లు, గవర్నమెంట్ ఆరు క్రెడిట్లు చదవాలని రాష్ట్ర చట్టమే చెబుతోంది. గవర్నమెంట్‌లో టెక్సస్ రాజ్యాంగం కూడా ఉండాలి. క్లెప్‌లో ఉన్నది అమెరికన్ గవర్నమెంట్ ఒక్కటే. టెక్సస్ గవర్నమెంట్, అంటే 2306 నంబరు కోర్సు, క్లెప్‌లో లేదు కాబట్టి ఇక్కడి కాలేజీలోనే చదవాలనుకుంటున్నాను. ఇర్వింగ్‌లోనే డాలస్ కాలేజీ క్యాంపస్ ఉంది, వేసవిలో అక్కడ కడతాను. పై తరగతుల కోర్సుల సంగతి ఇంకా తేలలేదు. ఈ చవక కోర్సుల్లో ఎక్కువ మొదటి రెండేళ్ల స్థాయివే, చివరి రెండేళ్లవి యూనివర్సిటీలోనే చదవాలి.

పదకొండింటికి న్యూజెర్సీ నుంచి వదిన ఫోన్. ట్రెంటన్‌లో థామస్ ఎడిసన్ స్టేట్ యూనివర్సిటీలో తన డిగ్రీ చివరికొచ్చింది. 1972లో పెద్దవాళ్ల కోసమే పెట్టిన యూనివర్సిటీ అది, బయటి క్రెడిట్లు చాలా ఎక్కువ తీసుకుంటుంది. "నువ్వూ ఇక్కడే చేరిపో, గొడవుండదు" అంటుంది వదిన. నాకు మాత్రం ఇక్కడే చదివి ఇక్కడి స్కూళ్లలో టీచర్ని కావాలని ఉంది. ఆ మాట అంటే, "అయితే టీచర్ సర్టిఫికేషన్‌కి ఏం అడుగుతారో కూడా ఇప్పుడే కనుక్కో అమ్మాయ్, తర్వాత పరిగెత్తద్దు" అంది. చూడండి, ఎంత ముందుచూపో.

గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్న మా అన్నయ్య కొడుకు ఐఐటీల వాళ్లు నడిపే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సు చేస్తున్నాడు. పాఠాలు ఉచితం, పరీక్ష రాయాలంటేనే ఫీజు. ఇవన్నీ ఉండే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక స్వయంలో చేసిన వాటిని కాలేజీ ఒప్పుకుంటే సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా లెక్కలోకి తీసుకోవచ్చని యూజీసీ 2021లో నిబంధనలు మార్చింది. వాడికి మాత్రం వారం వారం అసైన్‌మెంట్ గడువులున్నాయి. నా పద్ధతి విని, "అత్తా, నాకూ అలాంటిదుంటే బాగుండు" అన్నాడు. డేకేర్‌లో నాతో పనిచేసే అమ్మాయి తన తమ్ముడి కోసం అడిగితే వేరే సంగతి చెప్పాల్సి వచ్చింది. నేను మా ఆయన ఉద్యోగ వీసా మీద వచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నాను, చదువుకోవడానికి అడ్డు లేదు. ఆ అబ్బాయిది ఎఫ్-1, విద్యార్థి వీసా. సెమిస్టర్‌లో ఒక్క ఆన్‌లైన్ కోర్సు మాత్రమే వాళ్ల ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తుంది. కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుని అడగకుండా ఏదీ చేయొద్దన్నాను.

మధ్యాహ్నం కుక్కర్ పెట్టి స్టాటిస్టిక్స్ పాఠం ఒకటి తెరిచాను, ఎలా ఉంటుందో చూద్దామని. కాఫీ షాపులో ఎనిమిది మంది ఎంతసేపు నిలబడ్డారో నిమిషాలిచ్చి స్టాండర్డ్ డీవియేషన్ కట్టమన్నారు. క్యాలిక్యులేటర్ బటన్ ఒకటి నొక్కితే వచ్చేస్తుంది. నేను రూళ్ల పుస్తకంలో నిలువు గీతలు కొట్టి, సగటు తీసి, ఒక్కొక్కదాని తేడా రాసి, వర్గాలు కట్టి, కూడి, భాగించి, వర్గమూలం దగ్గరికొచ్చాను. ఎనిమిదితో భాగించాలా, ఏడుతోనా అని ఆగాను. శాంపిల్ అన్నారు కాబట్టి ఏడు. స్క్రీన్ మీద జవాబు తెరిచి చూస్తే రెండో దశాంశం దాకా సరిపోయింది. అప్పటికి కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో, పప్పు మెత్తటి ముద్దయింది. ఆ చేతి లెక్క ఇంకా నాలో ఉన్నందుకు కలిగిన ఆనందం ఇంత అని చెప్పలేను.

సాయంత్రం యూనివర్సిటీ అడ్వైజర్‌కి మెయిల్ రాశాను. చేయాలనుకున్న కోర్సుల పేర్లు, ఏది ఎక్కడ చదువుతానో, ప్రతి దాని పక్కన ఒకటే ప్రశ్న: ఇది మీ దగ్గర ఏ కోర్సు నంబరు కింద వస్తుంది? బయటి క్రెడిట్లకు ఆఖరి పరిమితి ఎంత, గ్రేడు ఎంత ఉండాలి అని కూడా అడిగాను. మా ఆయన చదివి, "దయచేసి రాతపూర్వకంగా చెప్పండి అని ఒక లైను పెట్టు" అన్నారు. పెట్టాను.

అమ్మాయి ఇంటికొచ్చి టేబుల్ చూసి, ఏమిటివన్నీ అని కూర్చుంది. తనకి ఈ ఏడాది ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, స్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) యూఎస్ హిస్టరీ, మే నెలలో పరీక్ష. క్లెప్‌లో చరిత్ర మొదటి భాగం 1877 దాకా వస్తుందని చెబితే, "అమ్మా, అదంతా నా నోట్స్‌లో ఉంది, ఇద్దరం కలిసి చదువుదాం" అంది. ఫ్లాష్ కార్డులు కూడా ఇచ్చింది. నాకు తేదీలు గుర్తుండవని బెంగ. తనకి వ్యాసాలు రాయాలంటే విసుగు. రేపు మధ్యాహ్నం భోజనాలయ్యాక పదమూడు కాలనీల దగ్గర మొదలుపెడుతున్నాం. కాలనీలు అయ్యేదాకా ఫోన్ ముట్టుకోనని తనే అంది.