నత్తగుల్ల గీత

పదేళ్లు నా కుడిచెయ్యి నా మాట వినలేదు. ఒళ్లో పెట్టుకుంటే బాగానే ఉండేది. గ్లాసు అందుకుంటే చాలు, వణుకు మొదలయ్యేది, సగం నీళ్లు చొక్కా మీదే. సంతకం కలవట్లేదని రెండుసార్లు చెక్కు వెనక్కి వచ్చింది. అందరూ టెన్షన్ వల్లే అనేవాళ్లు. నేను మాత్రం పార్కిన్సన్స్ అని లోలోపల ఖాయం చేసుకుని, ఎవరికీ చెప్పకుండా భయపడ్డాను.

న్యూరాలజిస్ట్ కాగితం ఇచ్చి నత్తగుల్ల లాంటి సుడి గీయమన్నారు. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణికితే పార్కిన్సన్స్ అనుమానించాలట. పని చేసేటప్పుడే వణికితే ఎక్కువగా ఎసెన్షియల్ ట్రెమర్ అనే వణుకు జబ్బట. "మీది ఇదే" అన్నారు. ఆ రాత్రి చాన్నాళ్లకు హాయిగా నిద్రపోయాను.

ఆస్తమా వల్ల వణుకు తగ్గించే ప్రొప్రనలాల్ మందు నాకు ఇవ్వలేదు. రెండో మందు ప్రిమిడోన్‌తో పగలంతా మగత. ఇక మిగిలినవి రెండు దారులు. డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ అయితే మెదడులో సన్నని తీగ, ఛాతీ చర్మం కింద బ్యాటరీ; కరెంటు తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ అయితే ధ్వని తరంగాల వేడితో మెదడులో ఒక చిన్న చోటును కాలుస్తారు; కోత ఉండదు, కానీ కాల్చిన చోటు మళ్లీ మామూలు కాదు. కోత అంటే భయంతో రెండోదే ఎంచుకున్నాను.

గుండు గీసి, తలకు ఫ్రేము బిగించి, ఎమ్మారైలో పడుకోబెట్టారు. మెలకువగానే ఉన్నాను. తల చుట్టూ చల్లటి నీళ్లు తిరుగుతుంటాయి. వెయ్యికి పైగా ధ్వని కిరణాలు మెదడు లోపల థాలమస్ అనే భాగంలో ఒక్క బిందువు దగ్గర కలుస్తాయి. మొదట తక్కువ వేడి. వణుకు తగ్గుతోందా, నాలుక తిమ్మిరెక్కుతోందా అని అడిగి, చోటు సరైనదని తేల్చుకున్నాకే 55 డిగ్రీలు దాటించారు. ఆ కొన్ని సెకన్లూ తల లోపల పగిలిపోతున్నంత నొప్పి. ప్రతి విడత తర్వాతా మళ్లీ సుడి గీయించారు. నాలుగోసారి గీత వంకర్లు లేకుండా వచ్చింది. కాగితం చూసి ఏడ్చేశాను.

తర్వాత మూడు వారాలు గోడ పట్టుకునే నడిచాను, అంత తూలు. పెదవి అంచున తిమ్మిరి ఇంకా కొంచెం ఉంది. ఇవి ముందే చెప్పారు కానీ నేనే సరిగ్గా వినలేదు. చేయించుకోవాలనుకునేవాళ్లు నడక గురించి గుచ్చి గుచ్చి అడగండి.

ఎడమ చెయ్యి ఇప్పటికీ వణుకుతోంది. కనీసం 9 నెలల ఎడంతో మెదడు రెండో వైపు కూడా చేయడానికి అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. నాకు ఆ గడువు దాటింది. అయితే రెండు వైపులా చేస్తే మాట, నడక దెబ్బతినే ముప్పు ఉందని డాక్టర్ చెప్పాక ఆగాను. ప్రస్తుతానికి గ్లాసు కుడిచేత్తోనే పట్టుకుంటున్నాను, నిండుగా.